ఆల్ట్‌కాయిన్లు: పదేళ్ళ తరువాత నా వాటా ఎంత?

2018 జనవరి 7, ఆదివారం నాడు నేను నా లెక్కల పుస్తకంలో పది పేర్లు రాసుకున్నాను. మార్కెట్ విలువ ప్రకారం ఆ రోజుల్లో మొదటి పది స్థానాల్లో ఉన్న క్రిప్టో కాయిన్లు అవి: బిట్‌కాయిన్, ఈథర్, ఎక్స్‌ఆర్‌పీ, బిట్‌కాయిన్ క్యాష్, కార్డానో, నెమ్, లైట్‌కాయిన్, స్టెల్లార్, ట్రాన్, ఐఓటా. ఒక్కొక్క పేరు ఎదురుగా ఆనాటి ధరను, చెలామణిలో ఉన్న కాయిన్ల సంఖ్యను రాసి, ఆ తరువాత ప్రతి జనవరిలోనూ అదే పేజీలో మరొక వరుస చేరుస్తూ వచ్చాను. విజయవాడలో ఖాతాలు రాసే వృత్తిలో చాలా ఏళ్ళుగా ఉన్నవాడిని కనుక, ఏ ఆస్తి గురించైనా మాటల కంటే వరుసగా రాసిన అంకెలను నమ్మడం నాకు అలవాటు.

ఈ ఏడాది మా ఇంట్లో ఇద్దరు అబ్బాయిలు ఒకే ప్రశ్న అడిగారు. మా అన్నయ్య కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, మా అక్కయ్య కొడుకు గచ్చిబౌలిలో ఉంటాడు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, ఇద్దరికీ ఈ మధ్యే పిల్లలు పుట్టారు. బిట్‌కాయిన్ కొంత కొనిపెట్టాం, దానితోపాటు పదేళ్ళ వరకూ ముట్టుకోకుండా ఉంచడానికి మిగతా కాయిన్లలో (ఆల్ట్‌కాయిన్లంటే ఇవే) ఏవి మంచివో చెప్పమని ఒకడు "బాబాయ్" అనీ, ఇంకొకడు "మావయ్యా" అనీ ఫోన్ చేశారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పవచ్చనుకుని మొదలుపెట్టాను కానీ, లెక్క చేస్తూపోతే జవాబులు రెండయ్యాయి. ఆ లెక్కంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కాయిన్లను పోల్చేవారిలో ఎక్కువమంది ధరతో మొదలుపెడతారు. ఒక కాయిన్ రూపాయి లోపే దొరుకుతోందంటే అది చవక అనీ, మరొకటి రెండు లక్షలు పలుకుతోందంటే అది ఖరీదు అనీ అనుకుంటారు. పది సెంట్ల స్థలమూ ఎకరం పొలమూ ఒకే ధరకు వస్తున్నాయా అని అడగడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కానీ కాయిన్ల దగ్గరకు వచ్చేసరికి విస్తీర్ణం అడగడం మరచిపోతాం. ఇక్కడ విస్తీర్ణం అంటే మొత్తం కాయిన్ల సంఖ్యలో మన చేతిలో ఉన్న భాగం. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ భాగం గురించే. పదేళ్ళు దాచుకునే మనిషికి ధర కంటే ముందు తేలవలసిన ప్రశ్న ఏమిటంటే, ఈ పదేళ్ళలో ఎన్ని కొత్త కాయిన్లు పుడతాయి, అవి ఎవరి చేతికి వెళతాయి, వాటిని కొనడానికి డబ్బు ఎవరు పెడతారు అన్నది.

సొలానా అనే కాయిన్ ఉదాహరణతో ఈ విషయం బాగా తెలుస్తుంది. 2021 నవంబరులో సొలానా ధర సుమారు 260 డాలర్లకు చేరింది. ఆనాడు చెలామణిలో ఉన్నవి దాదాపు 30 కోట్ల కాయిన్లు, కాబట్టి మొత్తం విలువ 7,800 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. మరుసటి ఏడాది నవంబరులో, కాయిన్లు కొని అమ్మే ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజి కూలిపోయినప్పుడు, ఆ సంస్థ దగ్గర సొలానా కాయిన్లు పెద్ద మొత్తంలో ఉండడం వల్ల, ధర పడిపోతూ డిసెంబరు చివరికి 8 డాలర్లకు దిగింది. అక్కడి నుంచి తిరిగి లేచి 2025 జనవరిలో 290 డాలర్లు దాటింది. చాలామంది ఇది పాత శిఖరాన్ని అధిగమించడం అని సంతోషించారు. అయితే ఆనాటికి చెలామణిలో ఉన్న కాయిన్లు సుమారు 48.7 కోట్లు. అంటే మొత్తం విలువ 80 శాతం పెరిగి 14,000 కోట్ల డాలర్లు దాటినా, 2021 శిఖరం దగ్గర కొని అట్టే పెట్టుకున్నవాడికి దక్కింది 12, 13 శాతం మాత్రమే. ఆనాడు 300 కాయిన్లు ఉన్నవాడి వాటా పది లక్షలలో ఒక వంతు. మూడేళ్ళ తరువాత అదే వంతు నిలబడాలంటే అతని దగ్గర 487 కాయిన్లు ఉండాలి. ఆ మధ్యలో పుట్టిన విలువలో పెద్ద భాగం మొదట్లో చవకగా తీసుకుని లాకిన్ (అమ్మకూడని) గడువు తీరాక బయటికి వచ్చిన పెట్టుబడిదారుల కాయిన్లకు, స్టేకింగ్ చేసినవారికి (నెట్‌వర్క్ నడపడానికి తమ కాయిన్లను తాకట్టుగా ఉంచినవారికి) కొత్తగా పుట్టిన కాయిన్లకు వెళ్ళింది. స్టేకింగ్ చేస్తే ఏడాదికి ఆరేడు శాతం కాయిన్లు అదనంగా వచ్చి ఉండేవి కానీ, ఆ లెక్కన 300 కాయిన్లు 370 దాటేవి కావు.

ఇది సొలానాను తక్కువ చేయడానికి చెప్పిన మాట కాదు. దాని లెక్క ముందే ప్రకటించినది, ఎవరైనా చదువుకోగలిగినది. ఏడాదికి 8 శాతంతో మొదలైన కొత్త కాయిన్ల పుట్టుక ప్రతి ఏడాదీ అంతకు ముందున్న రేటులో 15 శాతం చొప్పున తగ్గుతూ, చివరికి 1.5 శాతం దగ్గర నిలవాలన్నది వారి పద్ధతి. పెద్ద లాకిన్లలో ఎక్కువ భాగం ఇప్పటికే విడుదలయ్యాయి. కాబట్టి ఆ మూడేళ్ళలో పలచబడినంతగా రాబోయే పదేళ్ళలో వాటా పలచబడకపోవచ్చు. ఈ తేడా గమనించినవాడు మాత్రమే ఆ కాయిన్‌ను పాత ధరల పటం చూసి కాకుండా, దాని స్వభావం చూసి కొనగలుగుతాడు.

ఎక్స్‌ఆర్‌పీ విషయం ఇంతకంటే కఠినంగా ఉంటుంది. దీనిలో మైనింగ్, అంటే కంప్యూటర్లతో లెక్కలు కట్టి కొత్త కాయిన్లు సంపాదించే పద్ధతి, లేదు. 10,000 కోట్ల కాయిన్లూ మొదట్లోనే సృష్టించి, అందులో 8,000 కోట్లు రిపుల్ సంస్థకు ఇచ్చారు. 2017 డిసెంబరులో ఆ సంస్థ 5,500 కోట్ల కాయిన్లను ఎస్క్రోలో (గడువు తాళం వేసిన ఖాతాలో) పెట్టి, నెలకు 100 కోట్ల చొప్పున విడుదలయ్యేటట్లు ఏర్పాటు చేసింది. వాడుకోనివి మళ్ళీ ఎస్క్రోలోకే వెళతాయి. నేను పుస్తకంలో పేరు రాసుకున్న ఆ జనవరిలో దాని ధర మూడున్నర డాలర్ల చుట్టుపక్కల ఆడింది, చెలామణిలో దాదాపు 3,870 కోట్ల కాయిన్లు ఉండేవి. 2020 డిసెంబరులో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ రిపుల్ మీద దావా వేసింది. 2023 జూలై 13న న్యాయమూర్తి అనలీసా టోరెస్, ఎక్స్ఛేంజీల ద్వారా సామాన్య కొనుగోలుదారులకు జరిగిన అమ్మకాలు సెక్యూరిటీల (షేర్ల లాంటి పెట్టుబడి పత్రాల) అమ్మకాలు కావనీ, సంస్థాగత కొనుగోలుదారులకు నేరుగా జరిగినవి మాత్రం అవుతాయనీ తీర్పు ఇచ్చారు. 2024 ఆగస్టులో 12.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2025లో వ్యాజ్యం ముగిసింది. ఆ ఏడాది జూలైలో ధర 3.65 డాలర్ల దాకా వెళ్ళింది. ఏడున్నరేళ్ళ తరువాత, ఒక పెద్ద న్యాయపోరాటం ముగింపుకు వచ్చిన వేళ, దాదాపు అదే ధర. ఈలోగా కాయిన్లు 5,900 కోట్లయ్యాయి. డాలరు 63 రూపాయల నుంచి 86కు పెరగడం వల్ల మనవాళ్ళకు రూపాయల్లో కొంత పెరుగుదల కనబడుతుంది కానీ, ఆ డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉన్నా అంతకు తగ్గేది కాదు.

శిఖరం నుంచి శిఖరానికి కొలవడం అన్యాయం కదా అని గచ్చిబౌలి మేనల్లుడు అడిగాడు. నిజమే, 2022 డిసెంబరులో 8 డాలర్లకు సొలానా కొన్నవాడి లెక్క వేరు. కానీ ఆ వారంలో ఆ కాయిన్ మిగులుతుందా అన్నదే ప్రశ్నగా ఉండేది. అప్పుడు నేనూ కొనలేదు, నాకు తెలిసినవారెవరూ కొనలేదు. సామాన్యులు పెద్ద సంఖ్యలో కొనేది ధర వార్తల్లో ఉన్నప్పుడే. కాబట్టి సామాన్యుడి అనుభవాన్ని కొలవాలంటే శిఖరం దగ్గర కొన్నవాడి లెక్కనే తీసుకోవాలని నా అభిప్రాయం.

అయితే కాయిన్ల సంఖ్యకు పరిమితి ఉన్నంత మాత్రాన చాలదని నాకు నేర్పింది లైట్‌కాయిన్. 2017 చివర్లో నేను నలభై వేల రూపాయలతో కొంత ఈథర్, కొంత లైట్‌కాయిన్ కొన్నాను. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలు అందించకూడదని ఆదేశించింది. నేను కొన్న ఎక్స్ఛేంజి రూపాయల చెల్లింపులు ఆపేస్తానని కొద్ది రోజుల గడువు మాత్రమే ఇవ్వడంతో, ఆ కంగారులో కాయిన్లను సొంత వాలెట్‌లోకి మార్చుకున్నాను. ఆ ఏడాది డిసెంబరులో ఈథర్ వంద డాలర్ల దరిదాపులకు పడిపోయినప్పుడు దాన్ని ఒక పరిచయస్థుడికి అమ్మేసి, లైట్‌కాయిన్‌ను మాత్రం ఉంచుకున్నాను. నేను వేసుకున్న తర్కం ఇది: ఈథర్‌కు గరిష్ఠ పరిమితి లేదు, లైట్‌కాయిన్‌కు 8.4 కోట్లు అనే గీత ఉంది. పరిమితి ఉన్నదే నిలుస్తుంది. ఆ తర్కం సగమే నిజమని తెలియడానికి నాకు ఏళ్ళు పట్టింది.

లైట్‌కాయిన్ పుట్టుక మచ్చలేనిది. గూగుల్‌లో ఇంజనీరుగా పనిచేసిన చార్లీ లీ 2011 అక్టోబరులో దాన్ని బిట్‌కాయిన్ నమూనాలోనే తయారుచేశారు. పది నిమిషాలకు బదులు రెండున్నర నిమిషాలకు ఒక బ్లాకు (లావాదేవీల కట్ట), నాలుగు రెట్లు కాయిన్లు, నాలుగేళ్ళకోసారి పుట్టుక సగానికి తగ్గడం. 2015, 2019, 2023 సంవత్సరాల ఆగస్టులలో ఆ తగ్గింపులు చెప్పిన ప్రకారమే జరిగాయి. కంపెనీ వాటాలు లేవు, లాకిన్లు లేవు. వాటా పలచబడటం అనే ఒక్క కొలతే తీసుకుంటే ఆల్ట్‌కాయిన్లలో ఇంత మంచి విద్యార్థి అరుదు. అయినా 2017 డిసెంబరులో యాభై లైట్‌కాయిన్లకు ఒక బిట్‌కాయిన్ వచ్చేది. 2025లో దాదాపు వెయ్యి ఇస్తే తప్ప రాని స్థితి వచ్చింది. 2017 డిసెంబరులోనే చార్లీ లీ తన కాయిన్లన్నీ అమ్మడమో విరాళంగా ఇవ్వడమో చేశానని బహిరంగంగా ప్రకటించారు. ఆనాడు దాన్ని నేను నిజాయితీగానే తీసుకున్నాను, ఇప్పుడూ అలాగే తీసుకుంటున్నాను. లోపం ఆయనలో లేదు. బిట్‌కాయిన్ చేయలేని పని ఏదీ లైట్‌కాయిన్ చేయకపోవడం వల్ల, దాన్ని కొత్తగా కొనవలసిన అవసరం ఎవరికీ రాలేదు. బావిలో నీళ్ళు తక్కువగా ఉన్నంత మాత్రాన వాటికి ధర రాదు, తోడుకోవడానికి వచ్చేవారు ఉండాలి.

అందుకే రెండవ ప్రశ్న వస్తుంది: కాయిన్ వెనుక నడిచే నెట్‌వర్క్‌ను వాడేవాడు, వాడినందుకు, ఆ కాయిన్‌ను దాచుకున్నవాడికి ఏమైనా మేలు చేస్తున్నాడా?

ఈ ప్రశ్న దగ్గర మనవాళ్ళకు ఇష్టమైన పాలిగాన్ పేరు చెప్పక తప్పదు. 2017లో మాటిక్ పేరుతో జయంతి కనానీ, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ మొదలుపెట్టిన ఈ పథకం భారతీయులు నిర్మించినది కావడం వల్ల, 2021లో హైదరాబాదులోనూ విజయవాడలోనూ నాకు తెలిసిన కుర్రవాళ్ళలో ఎంతోమంది దాన్ని అభిమానంతో కొన్నారు. ఆ అభిమానాన్ని నేను గౌరవిస్తాను. ఆ ఏడాది డిసెంబరులో ధర సుమారు 2.9 డాలర్లకు చేరింది. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో ప్రపంచమంతా చూసిన పాలిమార్కెట్ అనే పందేల వేదిక నడిచింది పాలిగాన్ మీదే. వాడకం విషయంలో అంతకంటే గొప్ప సాక్ష్యం ఏ కాయిన్‌కు ఉంటుంది? కానీ ఆ పందేల లెక్కలన్నీ డాలరుతో ముడిపడిన యూఎస్‌డీసీలో జరిగాయి. నెట్‌వర్క్‌కు కట్టే రుసుము లావాదేవీకి పైసల్లో ఉంటుంది. రోడ్డు నిండా బళ్ళు తిరుగుతున్నా టోలు వసూలు నామమాత్రమే. 1,000 కోట్ల కాయిన్లతో ముగియవలసిన సంఖ్య కూడా, 2024 సెప్టెంబరులో మాటిక్ కాయిన్‌ను "పాల్" అనే కాయిన్‌గా మార్చినప్పుడు, ఏడాదికి 2 శాతం చొప్పున పెరిగే పద్ధతికి మారింది. 2025లో ధర పాతిక సెంట్ల చుట్టూ తిరిగింది. సాంకేతికత పనిచేసింది, వాడకందారులు వచ్చారు, దాచుకున్నవాడికి మాత్రం ఏమీ రాలేదు. ఈ మూడూ ఒకేసారి నిజం కాగలవని గుర్తుంచుకోమని ఇద్దరు అబ్బాయిలకూ ప్రత్యేకంగా చెప్పాను.

ఎక్స్‌ఆర్‌పీలోనూ ఇదే ఇబ్బంది. లావాదేవీకి కాలిపోయే (ఎవరికీ చెందకుండా శాశ్వతంగా రద్దయ్యే) కనీస రుసుము 0.00001 కాయిన్, 2012 నుంచి ఇప్పటిదాకా 10,000 కోట్లలో అలా కాలిపోయినవి రెండు కోట్లు కూడా లేవు. చెల్లింపులు నిమిషాల్లో కాదు, సెకన్లలో జరుగుతాయన్నది నిజమే. కానీ కొన్ని సెకన్లపాటు వాడి వదిలేసే వస్తువును పదేళ్ళు దాచుకోవలసిన కారణం నాకు కనబడలేదు.

నా పేజీలో నన్ను ఆశ్చర్యపరిచింది ట్రాన్. దాని స్థాపకుడు జస్టిన్ సన్ నడవడి నాకు ఎన్నడూ నచ్చలేదు. 2023 మార్చిలో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆయన మీద దావా కూడా వేసింది. 2018లో నేను ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అయితే డాలరు విలువతో ముడిపడిన టెథర్ టోకెన్లను పంపుకోవడానికి ప్రపంచంలో ఎంతోమంది ట్రాన్‌నే ఎంచుకున్నారు. ఆ రుసుముల్లో కాలిపోయే కాయిన్లు కొత్తగా పుట్టేవాటిని మించిపోవడంతో 2021 తరువాత మొత్తం సంఖ్య తగ్గుతూ వచ్చింది, 2024 డిసెంబరులో ధర 2018 జనవరి స్థాయిని స్పష్టంగా దాటింది. నచ్చని మనుషుల దగ్గరా లెక్క సరిగా ఉండవచ్చు. అయినా పాప పేరు మీద పదేళ్ళు ఉంచే డబ్బును ఒక్క మనిషి నీడలో పెట్టమని నేను చెప్పలేను. ఇది లెక్క చెప్పే మాట కాదు, నా మనసు చెప్పే మాట.

ఈథర్ దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది. 2014 వేసవిలో జరిగిన ముందస్తు అమ్మకంలో సుమారు 6 కోట్ల కాయిన్లు జనానికి వెళ్ళాయి, మరో 1.2 కోట్లు ఫౌండేషన్‌కూ తొలి పనివారికీ కేటాయించారు. 2015 జూలై 30న, ఈథర్ నడిచే ఈథీరియం నెట్‌వర్క్ మొదలైంది. 2016 జూన్‌లో డావో అనే ఉమ్మడి నిధి నుంచి 36 లక్షల ఈథర్‌ను దొంగిలించినప్పుడు, ఆ దొంగతనాన్ని రద్దు చేయడానికి వారు మొత్తం చరిత్రనే చీల్చారు. ఒప్పుకోనివారు ఈథీరియం క్లాసిక్‌గా మిగిలారు. ఆ నిర్ణయం తప్పని అనేవారి వాదనలో బలం ఉంది, ఎందుకంటే మార్చలేనిది అని చెప్పినదాన్ని మార్చారు. కానీ పదేళ్ళలో ఆ నెట్‌వర్క్ పూర్తిగా ఆగిపోయిన రోజు లేదు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి కాక, వేరువేరు బృందాలు రాసినవి చాలా ఉండడం ఇందుకు ఒక కారణం. సొలానా 2021 సెప్టెంబరులో సుమారు 17 గంటలు, 2024 ఫిబ్రవరి 6న దాదాపు 5 గంటలు నిలిచిపోయింది.

2021 ఆగస్టు నుంచి ప్రతి లావాదేవీ మూల రుసుమును కాల్చివేసే పద్ధతి వచ్చింది. 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను వదిలి స్టేకింగ్‌కు మారడంతో విద్యుత్ వాడకం 99.9 శాతానికి పైగా తగ్గింది, ఏడాదికి నాలుగు శాతం మించి ఉన్న కొత్త కాయిన్ల పుట్టుక ఒక శాతం లోపుకు పడిపోయింది. ఆ రోజున చెలామణిలో 12 కోట్ల పైచిలుకు ఈథర్ ఉంది, మూడేళ్ళ తరువాతా ఇంచుమించు అంతే ఉంది. నేను "పరిమితి లేదు" అని అమ్ముకున్న కాయిన్‌లో వాటా పలచబడటం ఆగిపోయింది, "పరిమితి ఉంది" అని ఉంచుకున్నది వెనుకబడింది. కాగితం మీద రాసిన గరిష్ఠ సంఖ్య కంటే ఏటా జరిగే అసలు పుట్టుకనూ కాల్పునూ చూడాలని ఆ అనుభవం నాకు చెప్పింది.

అంత మాత్రాన ఈథర్ దాచుకున్నవారు హాయిగా ఉన్నారని కాదు. 2021 నవంబరులో 4,800 డాలర్లు దాటిన ధర, 2025 ఆగస్టులో 4,900 చేరడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. ఆ మధ్యలో 0.08 బిట్‌కాయిన్ మీద ఉన్న ఒక ఈథర్ విలువ 2025 ఏప్రిల్ నాటికి 0.02 కిందికి దిగింది. దీనికి కారణాల్లో ఒకటి వారి సొంత మెరుగుదలే. 2024 మార్చి 13న వచ్చిన మార్పు వల్ల, ఈథీరియం మీద ఆధారపడి నడిచే రెండవ అంచె నెట్‌వర్క్‌లు చెల్లించవలసిన రుసుము బాగా తగ్గింది. వాడేవారికి అది మేలు. కానీ కాలిపోయే ఈథర్ తగ్గిపోయి, మొత్తం సంఖ్య మళ్ళీ నెమ్మదిగా పెరగసాగింది. వాడేవాడి లాభమూ దాచుకునేవాడి లాభమూ ఎదురెదురుగా నిలిచిన చోటు ఇది. ఈ చిక్కును వారు ఎలా విప్పుతారన్నదే రాబోయే పదేళ్ళ ఈథర్ కథ అని నా నమ్మకం. సొలానాలో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే అక్కడ వాడకమంతా ఒకే అంచెలో జరుగుతుంది.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కార్డానోలో 4,500 కోట్ల పరిమితి ఉంది, పరిశోధనలో శ్రద్ధ ఉంది, కానీ 2017 సెప్టెంబరులో మొదలైనది స్మార్ట్ కాంట్రాక్టులు (నెట్‌వర్క్ మీద వాటంతట అవే అమలయ్యే ఒప్పందాలు) తేవడానికి 2021 సెప్టెంబరు దాకా పట్టింది, అప్పటికి జనం వేరే చోట స్థిరపడ్డారు. డోజ్‌కాయిన్‌లో ఏటా 500 కోట్లకు పైగా కొత్తవి పుడుతూనే ఉంటాయి, వాటిని కొనడానికి ఉత్సాహం తప్ప వేరే కారణం లేదు. నెమ్, ఐఓటా పేర్లు ఈ పిల్లలిద్దరికీ తెలియవు. నెమ్ విలువలో 99 శాతానికి పైగా పోయింది. ఆనాడు మొదటి పదిలో ఉన్నవి అవి.

2022 మే నెలలో కూలిపోయిన టెర్రా లూనాను మాత్రం గుర్తు చేయాలి. డాలరుతో ముడిపెట్టిన వారి యూఎస్‌టీ టోకెన్‌ను డిపాజిట్ చేస్తే ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ ఇచ్చేవారు. ఆ ముడి తెగినప్పుడు దాన్ని నిలబెట్టడానికి లూనా కాయిన్లను ముద్రిస్తూపోగా, కొద్ది రోజుల్లో 35 కోట్ల లోపు ఉన్న సంఖ్య 6.5 లక్షల కోట్లయింది. వడ్డీకి ఆశపడి అసలు పోగొట్టుకోవడం మన ఊళ్ళలో ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల కాలం నుంచి చూస్తున్నదే. వాటా పలచబడటం ఎంత దూరం వెళ్ళగలదో తెలుసుకోవడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు.

ఇక జవాబులు రెండుగా చీలిన చోటుకు వస్తాను. పది కాయిన్లు సమానంగా కొంటే తొమ్మిది పోయినా ఒకటి పదింతలయి అన్నిటినీ గట్టెక్కిస్తుందని చాలామంది సలహా చెబుతారు. పదివేల చొప్పున లక్ష రూపాయలకు పది కాయిన్లు కొన్నామనుకుందాం. పదేళ్ళ తరువాత ఒకటి పదింతలై లక్ష అయింది. తొమ్మిది పదో వంతుకు పడి వెయ్యి చొప్పున తొమ్మిది వేలు మిగిలాయి. అన్నీ అమ్మితే లక్షా తొమ్మిది వేలు వస్తాయి. డల్లాస్‌లో ఉన్నవాడికి నష్టాలను లాభంలో సర్దుకునే హక్కు ఉంది కనుక, 90,000 లాభం నుంచి 81,000 నష్టం తీసేసి 9,000 మీద, ఏడాది దాటిన ఆస్తి కనుక తక్కువ రేటులో, పన్ను పడుతుంది. 15 శాతం అనుకుంటే 1,350. చేతికి 1,07,650 మిగులుతుంది.

గచ్చిబౌలిలో ఉన్నవాడి సంగతి వేరు. 2022 బడ్జెట్‌లో వచ్చి ఆ ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలో సర్దుకోవడానికి వీల్లేదు, తరువాతి ఏళ్ళకు మోసుకుపోవడానికీ వీల్లేదు. ఎన్నేళ్ళు ఉంచుకున్నా రేటు తగ్గదు. కాబట్టి ఆ 90,000 మొత్తం మీద 27,000, సెస్సు 1,080, కలిపి 28,080 కట్టాలి. చేతికి వచ్చేది 80,920. అదే కాయిన్లు, అదే ధరలు, అదే పదేళ్ళు; ఒకడికి ఏడున్నర వేలకు పైగా లాభం, మరొకడికి పంతొమ్మిది వేల నష్టం.

ఈ లెక్క నేను మూడుసార్లు సరిచూసుకున్నాను, ఎందుకంటే ఇంత తేడా వస్తుందని నాకే తోచలేదు. పైగా ఒక కాయిన్ ఇచ్చి మరో కాయిన్ తీసుకోవడం కూడా మన చట్టంలో అమ్మకమే. దానికీ పన్ను ఉంది, 2022 జూలై 1 నుంచి అమ్మకం సొమ్ములో 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. టీడీఎస్‌ను రిటర్నులో సర్దుకోవచ్చు కానీ, మధ్యలో మనసు మార్చుకున్న ప్రతిసారీ లాభంలో మూడో వంతు దాకా వదులుకోవాలి. అందువల్ల భారతదేశంలో ఉన్నవాడు ఆల్ట్‌కాయిన్లను బుట్టగా కొనకూడదనీ, ఒకటో రెండో ఎంచుకుని వాటితోనే ఉండగలిగితేనే కొనాలనీ తేల్చుకున్నాను. ఎంచుకోవడం చేతకాదనుకుంటే బిట్‌కాయిన్‌తో ఆగిపోవడం తప్పు కాదు.

గచ్చిబౌలి మేనల్లుడికి నేను చెప్పింది ఇది: ఆల్ట్‌కాయిన్ల కోసం పక్కన పెట్టిన డబ్బులో మూడు వంతులు ఈథర్, ఒక వంతు సొలానా, ఆ మొత్తం అంతా పోయినా పాప చదువు ఆగని స్థాయిలో ఉండాలి, కొనడం ఒక్కసారిగా కాక రెండేళ్ళలో నెలవారీగా జరగాలి, ఎందుకంటే శిఖరం ఎక్కడో ఎవరికీ తెలియదు. డల్లాస్ అబ్బాయికి కూడా అవే రెండు చెప్పాను కానీ, అతను ట్రాన్ కూడా కొద్దిగా కొంటానంటే అడ్డు చెప్పలేదు. తప్పయితే ఆ నష్టం అతని లెక్కలో పనికివస్తుంది.

ఎక్కడ ఉంచాలన్నది చివరిగా అడిగారు. మన దేశపు ఎక్స్ఛేంజి ఒకదాని నుంచి 2024 జూలైలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగల పాలయ్యాయి, ఖాతాదారుల డబ్బు నెలల తరబడి నిలిచిపోయింది. పదేళ్ళ మాటకు ఎక్స్ఛేంజి సరిపోదు. సొంత హార్డ్‌వేర్ వాలెట్ (కాయిన్ల తాళాన్ని దాచే చిన్న పరికరం) కొనుక్కుంటే అది ఇచ్చే 24 మాటలే ఆ తాళానికి మూలం, అవే ఆస్తి. బ్యాంకు ఖాతాకు ఉన్నట్లు దానికి నామినీ ఉండడు, వారసత్వ ధ్రువపత్రం తీసుకెళ్ళి చూపించడానికి కార్యాలయం ఉండదు. నా 24 మాటలు రెండు కాగితాల మీద రాసి, ఒకటి బ్యాంకు లాకర్‌లోనూ, మరొకటి ఇంట్లో ఇంటి దస్తావేజుల సంచిలోనూ ఉంచాను. క్రితం నెలలో ఒక ఆదివారం మా ఆవిడను కూర్చోబెట్టి, నేను గదిలో లేకుండా, ఆ కాగితం చూసి కొత్త వాలెట్‌లో ఖాతా తెరవమన్నాను. నలభై నిమిషాలు పట్టింది, ఒక మాట అక్షరం తేడాతో రెండుసార్లు ఆగిపోయింది, చివరికి లైట్‌కాయిన్ల సంఖ్య తెర మీద కనబడింది. అబ్బాయిలిద్దరినీ కొనడానికి ముందే ఈ పరీక్ష ఇంట్లో చేసి చూడమన్నాను. డల్లాస్ నుంచి జరిగిందని కబురు వచ్చింది; గచ్చిబౌలి నుంచి ఇంకా రాలేదు.